గడ్డి బండి కొనే ముందు అంకణాలు లెక్కపెట్టండి

సంపాదకులు గారికి,

ఈశాన్య రుతుపవనాల వానలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిసే జిల్లాలు మనవి. ఆ మూడు నెలల్లో గరిక, తుంగ మోకాలెత్తు లేస్తాయి. సంక్రాంతి లోపల కోయిద్దామంటే మనుషులు దొరకరు. అందుకే నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల తోట ఇళ్లు కట్టుకున్నవారు, పచ్చిక ఉన్న ఫంక్షన్ హాళ్ల యజమానులు కూర్చుని నడిపే గడ్డి కోత బండ్ల ధరలు వాకబు చేస్తున్నారు. రైడింగ్ మోవర్ అంటే ఆ బండే. దాన్ని హార్స్‌పవర్ చూసి కొంటే తప్పుతుంది. ముందు చూడాల్సింది నేలను.

స్థలం మొత్తం కాదు, కోయాల్సిన గడ్డి మాత్రమే కొలవండి. నెల్లూరు లెక్కలో అంకణం 36 చదరపు అడుగులు, సెంటుకు 12.1 అంకణాలు. ఇల్లు, షెడ్డు, సిమెంటు దారి, కూరగాయల మళ్లు తీసేయగా గడ్డి 600 అంకణాల లోపు, అంటే దాదాపు అరెకరం లోపు ఉంటే కూర్చునే బండి అక్కర్లేదు. 21 అంగుళాల బ్లేడుతో, చక్రాలు తమంతట తామే తిరిగే తోపుడు మోవర్ మలుపులు, కోసిన గడ్డి పడే సంచి ఖాళీ చేయడం అన్నీ కలుపుకొని గంటకు 30 సెంట్ల దాకా కోస్తుంది. 42 అంగుళాల డెక్కు, అంటే బ్లేడ్లను కప్పి ఉండే అడుగు పెట్టె, ఉన్న రైడింగ్ మోవర్ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, వరుస మీద వరుస నాలుగు అంగుళాలు ఎక్కించి కోస్తే కాగితం మీద గంటకు 1.2 ఎకరాలు. చెట్లు, మలుపులు ఉన్న పెరట్లో అది 75, 80 సెంట్లకు దిగుతుంది. అంటే అరెకరం పెరట్లో తోపుడు మోవర్ కంటే ఆదా అయ్యేది గంట. ఆ గంట కోసం సుమారు 200 కిలోల బండిని కొని, దానికొక షెడ్డు కట్టాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి.

ఎకరం దాటితే సంగతి వేరు. అప్పుడు కూడా ఆ ఎకరంలో ఉన్నది పచ్చికా, బీడా అని చూడాలి. రైడింగ్ మోవర్ పచ్చిక కోసం చేసిన బండి. వయ్యారిభామ, సర్కారు తుమ్మ మొలకలు, ఎండి గట్టిపడిన పిచ్చిమొక్కలు ఉన్న నేలలో తిప్పితే బ్లేడును తిప్పే బెల్టు కాలుతుంది, బ్లేడు వంగుతుంది. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటల్లో వరుసల మధ్య గడ్డికి ఈ బండి కొనమని నేను చెప్పను. మినీ ట్రాక్టరు వెనక తగిలించి పిచ్చిమొక్కలు నరికే నాలుగడుగుల స్లాషరే ఆ పనికి సరైనది. ట్రాక్టరు విడిభాగాలు మన ఊళ్లోనే దొరుకుతాయి, మిగతా రోజుల్లో అది వేరే పనికీ వస్తుంది.

పచ్చికే అనుకుంటే, తర్వాత అడ్డంకులు చూడండి. కొబ్బరి చెట్ల పాదులు, బయటికి తేలిన డ్రిప్పు పైపులు, ఊడిపడిన మట్టలు ఉన్నచోట డెక్కు తగులుతూనే ఉంటుంది. చెట్లు దగ్గర దగ్గరగా ఉంటే 42 అంగుళాల డెక్కు కంటే 30 అంగుళాల చిన్న బండి నయం. ఉన్నచోటే తిరిగే జీరో టర్న్ బండి చెట్ల చుట్టూ హాయిగా పోతుంది గానీ వాలు నేలలో, తడి నేలలో దాని ముందు చక్రాలకు పట్టు ఉండదు. గేటు వెడల్పు చాలామంది మరిచిపోతారు. 42 అంగుళాలంటే అది కోత వెడల్పు మాత్రమే. పక్కకు గడ్డి చిమ్మే మూతితో కలిపి నాలుగున్నర అడుగులకు అటూ ఇటుగా అవుతుంది.

చెరువు గట్టు, కాలువ గట్టు వాలుల మీద ఈ బండి ఎక్కించకండి. 15 డిగ్రీలు దాటిన వాలు దీనికి పనికిరాదు. అంటే పదడుగుల దూరానికి రెండున్నర అడుగులకు మించి లేవకూడదు. అంతకు తక్కువ వాలులోనూ కూర్చునే బండిని కిందికీ పైకీ నడపాలి, తోపుడు బండిని అడ్డంగా నడపాలి. ఇది తారుమారైతే మొదటిది పక్కకు దొర్లుతుంది, రెండోది కాలి మీదికి జారుతుంది. గట్లకు భుజాన తగిలించుకుని కోసే బ్రష్ కట్టరే దిక్కు.

నేల రకం కూడా లెక్కలోకి రావాలి. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో వాన వెలిసిన మూడు నాలుగు రోజుల దాకా ఈ బండి దింపితే చక్రాల గాడులు పడి పచ్చిక పాడవుతుంది. తీరం వెంట ఇసుక నేలల్లో కూరుకుపోయే భయం తక్కువ. అక్కడ బెడద ఇసుకే. గడ్డిని పైకి లేపే బ్లేడు రెక్కలను అది అరగదీస్తుంది, ఉప్పుగాలికి డెక్కు అడుగు తుప్పు పడుతుంది. కోత అయ్యాక అడుగున అంటిన తడి గడ్డి గోకి ఆరనిస్తే డెక్కు చాలా ఏళ్లు నిలుస్తుంది.

పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు టైర్లను వదలవు. కొన్నరోజే టైర్లలో పంక్చరు జెల్ పోయించండి, లేదా ట్యూబులు వేయించండి. ఈ టైర్లకు గాలి చాలా తక్కువ, సాధారణంగా ముందు 14, వెనక 10 పీఎస్‌ఐ. కారు టైరులా నింపితే బండి ఎగిరెగిరి పడుతుంది. గడ్డి ఒకవైపు ఎత్తుగా, మరోవైపు పొట్టిగా తెగుతుంటే డెక్కు విప్పకముందు నాలుగు టైర్ల గాలి చూడండి. తేడా ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది.

ఇంజిన్ల విషయంలో నేను గట్టిగా చెప్పదలచింది పెట్రోలు గురించి. ఇలాంటి చిన్న ఇంజిన్లతో ఇచ్చే పుస్తకాల్లో చాలావరకు ఎథనాల్ 10 శాతం మించకూడదని రాసి ఉంటుంది. మన బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం కలిసిన పెట్రోలు. ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. వానాకాలం కోతలు అయ్యాక ట్యాంకులో సగం పెట్రోలుతో బండిని నిలిపేస్తే, మళ్లీ తీసేనాటికి పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ గిన్నె అడుగున జిగురు చేరి, పెట్రోలు పోయే సన్న రంధ్రం, అంటే జెట్టు, మూసుకుపోతుంది. చోక్ వేస్తే అందుకుని, చోక్ తీయగానే ఆగిపోవడం దాని గుర్తు. నెలకు మించి నిలిపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి కార్బ్యురేటర్ ఎండనివ్వాలి. 20 శాతం పెట్రోలుకు వారంటీ చెల్లుతుందా అని అడిగి, జవాబు బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట చాలదు.

ఆయిల్ కొత్త బండికి మొదటి 5 గంటలకు ఒకసారి, తర్వాత 50 గంటలకు ఒకసారి మార్చాలి. మన ఎండలకు ఎస్‌ఏఈ 30 చిక్కదనం ఆయిల్ సరిపోతుంది. 10డబ్ల్యూ-30 వేస్తే వేడికి ఆయిల్ కొంత ఎక్కువ తగ్గుతుంది, కాబట్టి నడిపే ముందు ప్రతిసారీ ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడాలి. ఏప్రిల్, మే దుమ్ములో ఎయిర్ ఫిల్టరు పుస్తకం చెప్పిన 25 గంటలు ఆగదు, అంతకు ముందే విప్పి చూడండి. కాగితం ఫిల్టరును కంప్రెసర్ గాలితో ఊదితే చిరుగుతుంది, మెల్లగా తట్టి దులపాలి. ఇది గాలితో చల్లబడే ఇంజిన్. దాన్ని చల్లార్చే రెక్కల మధ్య ఎండుగడ్డి పేరుకుంటే లోపల ఉడికి హెడ్ గాస్కెట్ అనే సీలు పోతుంది.

బ్లేడు 25 గంటలకోసారి సాన పట్టించండి. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది, రెండు రోజుల్లో కొసలు తెల్లబడతాయి. సాన అయ్యాక బ్లేడును నడిమి రంధ్రంతో మేకుకు తగిలించి చూడండి. ఒకవైపు వాలితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. తూకం తప్పిన బ్లేడు మొదట వణుకుతుంది, తర్వాత బ్లేడు తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్, బేరింగులను తినేస్తుంది. ఏటా ఒకసారి చేయించే సర్వీసు కంటే ఈ పని ముఖ్యం. డెక్కు కింద చేయి పెట్టే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకాలి.

సీటు మీద నుంచి మనిషి లేస్తే ఇంజిన్, బ్లేడు ఆగిపోయేలా ఈ బండ్లలో సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. గతుకుల్లో ఇంజిన్ ఆగుతోందని దాని వైర్లు రెండూ కలిపేయమని మెకానిక్‌ను అడగవద్దు, కలుపుతానన్నా ఒప్పుకోవద్దు. ఆ స్విచ్ కాపాడేది మనిషి పాదాన్ని. సీటుకు స్ప్రింగు సర్దినా, స్విచ్ మార్చినా ఆ ఇబ్బంది పోతుంది. గడ్డి చిమ్మే మూతి మీది రేకు విప్పి నడిపితే కంకర రాయి తూటాలా వస్తుంది. వెనక్కి నడిపేటప్పుడు బ్లేడు ఆపాలి, పిల్లలు ఇంట్లోనే ఉండాలి.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కొనకముందే తెలుసుకోండి. స్పిండిల్ బేరింగులు చాలా బండ్లలో 6203, 6204 నంబర్లవే, మన బేరింగు షాపుల్లో ఉంటాయి. డెక్కు బెల్టు అలా కాదు. కొలత సరిపోయిందని మామూలు వీ-బెల్టు వేస్తే జారి, వేడెక్కి తెగుతుంది. కాబట్టి అదనంగా ఒక బెల్టు, ఒక జత బ్లేడ్లు, ఎయిర్ ఫిల్టరు బండితో పాటే తీసుకోండి.

దుకాణం వారు నడిపి చూపిస్తామంటే సిమెంటు నేల మీద వద్దు, మీ స్థలానికి తెమ్మనండి. గేటులోంచి రావాలి, కొబ్బరి చెట్టు చుట్టూ తిరగాలి, మీ నేలలో ఉన్న వాలు ఎక్కి దిగాలి. అందుకు ఒప్పుకోని చోట అడ్వాన్సు ఇవ్వకండి.

ఇట్లు,
చిన్న ఇంజిన్లు బాగుచేసే ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.