చిగురు అంచున పడే గాటు పుచ్చు కాదు

సంపాదకులకు నమస్కారం.

పళ్ల ఆరోగ్యం గురించి పత్రికలలో వచ్చే వ్యాసాలు చాలావరకు పుచ్చుపళ్లతో మొదలై చిగుళ్ల నుంచి రక్తం కారడంతో ముగుస్తాయి. ఈ రెండింటిలో దేనికీ చెందని బాధ ఒకటి నడివయసు దాటిన ఎందరికో ఉంది. పన్ను చిగురును ఆనుకునే చోట, గొడ్డలితో చెట్టు మొదట్లో గంటు పెట్టినట్లు, అడ్డంగా ఒక గాటు పడుతుంది. గోటితో తడిమితే గోరు అందులో ఆగుతుంది. చన్నీళ్లు తాకినా, చలిగాలి పీల్చినా, ఒక్కోసారి బ్రష్షు కుచ్చు తగిలినా జివ్వుమని లాగుతుంది. దీనిని పుచ్చు అనుకుని భయపడేవారూ ఉన్నారు, వయసు మీద పడితే ఇంతేనని ఊరుకునేవారూ ఉన్నారు. రెండూ పొరపాటేనని నాకు తెలియడానికి ఆరేళ్లు పట్టింది. మీ పాఠకులకు అంత కాలం పట్టకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు, ఎడమవైపు పై దవడలో కోరపంటికీ దాని వెనుక పంటికీ ఈ గాట్లు పడ్డాయి. మొదట చూపించుకున్న చోట సిమెంటు పెట్టి పంపించారు. ఏడాది తిరగకముందే అన్నంలో రాయి తగిలినట్లు అది ఊడి వచ్చింది. మరోచోట మళ్లీ పెట్టించుకున్నాను, అదీ నిలవలేదు. మూడోసారి పెట్టింది ఊడినప్పుడు పక్కనే కొత్త పంటికి కూడా గాటు మొదలైంది. నాలుగోసారి నన్ను చూసిన యువ దంతవైద్యురాలు పరికరం చేతిలోకి తీసుకోకముందే నాకు ఒక బ్రష్షు ఇచ్చి, "అమ్మా, ఇంట్లో ఎలా తోముకుంటారో ఒక్కసారి తోమి చూపించండి" అని అడిగింది. చీపురుతో వాకిలి ఊడ్చినట్లు అడ్డంగా, బలమంతా పెట్టి తోమి చూపించాను. కుడిచేతి వాటం వారికి తొలి ఊపు, ఎక్కువ బలం ఎడమవైపు కోరపళ్ల దగ్గరే పడుతుందని, అందుకే గాట్లు అక్కడ పడ్డాయని ఆ అమ్మాయి అద్దం పట్టి చూపించింది. అంతకుముందు మూడుసార్లలో ఈ ఒక్క ప్రశ్న ఎవరూ వేయలేదు. నా ఫిర్యాదల్లా అదే.

పంటి పైనుండే గట్టి పొర ఎనామెల్. పంటి కొసన రెండు మిల్లీమీటర్లకు పైగా మందం ఉండే ఆ పొర, చిగురు దగ్గరకు వచ్చేసరికి కత్తి అంచులా పలచబడి అంతమవుతుంది. ఆ కిందది వేరు భాగం. దాని మీద ఉన్నది సన్నని, మెత్తని పొర మాత్రమే. చిగురు కాస్త కిందికి జారితే ఆ పొర బయటపడి, కొద్ది రాపిడికే అరిగి, లోపలి పొర అయిన డెంటిన్ తేలుతుంది. డెంటిన్ నిండా కంటికి కనిపించని సన్నని నాళాలుంటాయి. చల్లదనానికో తీపికో వాటిలోని ద్రవం కదిలితే ఆ కదలికే లోపలి నరానికి నొప్పిగా తెలుస్తుంది. పుచ్చు అంటే సూక్ష్మజీవులు పంటిని తినివేయడం. ఈ గాటు వాటి వల్ల పడింది కాదు గనుక నునుపుగా, గట్టిగా, తరచు మెరుస్తూ ఉంటుంది.

రాపిడి ఒక్కటే కారణమనడం కూడా సరికాదు. పళ్లపొడి వేసి బ్రష్షుతో రుద్దితే ఇలాంటి అరుగుదల వస్తుందని దంతవైద్యుడు విల్లబీ మిల్లర్ 1907లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. నమిలేటప్పుడు, నిద్రలో పళ్లు కొరికేటప్పుడు పన్ను సూక్ష్మంగా వంగి ఆ ఒత్తిడంతా పంటి మెడ దగ్గర చేరుతుందని, అక్కడ ఎనామెల్ పెచ్చులుగా రాలుతుందని వాదించిన అమెరికా దంతవైద్యుడు జాన్ గ్రిప్పో 1991లో దానికి ఆబ్‌ఫ్రాక్షన్ అని పేరు పెట్టాడు. ఆ వాదం మీద దంతవైద్యులలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మూడోది పులుపు. పులుపును కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నోటిలో పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. వేరు భాగం అంతకంటే ముందే, 6 దాటి ఉండగానే కరుగుతుంది. నిమ్మరసం పీహెచ్ 2, 3 మధ్య ఉంటుంది. చాలామందిలో ఈ మూడూ కలిసే పనిచేస్తాయి గనుక ఒక్కదానినే పట్టుకుని వైద్యం చేస్తే ఫలితం నిలవదు.

మన ఇళ్ల సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. మా అమ్మమ్మ ఇంట్లో పిడక కచ్చికతో, ఉప్పుతో పళ్లు తోముకునేవాళ్లం. తరువాత ఎర్రని పళ్లపొడి వచ్చింది. అలాంటి చాలా పొడులలో ఉండేది జేగురు మన్ను. ఆ తరువాత గట్టి కుచ్చుల బ్రష్షు వచ్చినా, గరగరమని రుద్దితేనే శుభ్రమన్న నమ్మకం మాత్రం చేతిలోనే ఉండిపోయింది. పెద్దల అలవాటును నేను తప్పు పట్టడం లేదు, వారికి దొరికింది అది. కానీ నేడు బొగ్గు పేస్టు, నిమ్మరసంలో వంటసోడా కలిపి రుద్దితే పళ్లు తెల్లబడతాయన్న సలహా ఫోన్లలో తిరుగుతుంటే, అదే రాపిడి కొత్త వేషంలో వచ్చిందని భయమేస్తుంది. పరగడుపున నిమ్మరసం తాగి వెంటనే పళ్లు తోముకునేవారు నా స్నేహితురాళ్లలోనే ఉన్నారు. పులుపు వల్ల మెత్తబడిన పంటిపొరను వెంటనే రుద్దితే అది తేలికగా పోతుంది. చింతపండు పులుసు మానుకోమని నేనెవరికీ చెప్పను. పులుపు తిన్నాక నోరు పుక్కిలించి, కనీసం అరగంట ఆగి తోముకుంటే చాలు. గుండెల్లో మంటతో పులితేన్పులు వచ్చేవారు ఆ జబ్బు గురించి కూడా వైద్యునికి చెప్పాలి.

ఇక చికిత్స. ప్రతి గాటుకూ సిమెంటు పెట్టనక్కరలేదు. లోతు తక్కువగా ఉండి, జివ్వుమనడం లేకపోతే, ఫొటో తీసి ఉంచి, ఆరు నెలలకో ఏడాదికో పోల్చి చూసి, పెరగకపోతే అలాగే వదిలేయవచ్చు. జివ్వుమంటుంటే పొటాషియం నైట్రేటో స్టానస్ ఫ్లోరైడో ఉన్న పేస్టు కొన్ని వారాల పాటు మానకుండా వాడాలి, వైద్యులు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. అయితే ఆ పేస్టు నొప్పిని తగ్గిస్తుందే తప్ప గాటును పూడ్చదు. అడ్డంగా తోమడం మానకుండా పేస్టు మార్చినవారికి నొప్పి తెలియకుండానే గాటు లోతవుతుంది. నొప్పి తగ్గనప్పుడు, పన్ను బలహీనపడేంత లోతైనప్పుడు, పాచి పేరుకుని శుభ్రం చేయడం కష్టమైనప్పుడు పూడ్పించుకోవడం అవసరం. నరం దాకా వెళితే రూట్ కెనాల్ తప్పదు.

పెట్టింది ఎందుకు ఊడుతుందో కూడా రోగికి తెలియాలి. గాటు కింది అంచున ఎనామెల్ ఉండదు. డెంటిన్ ఏళ్ల తరబడి రాపిడికి గట్టిపడి మెరుస్తుంటే జిగురు సరిగా పట్టదు. చిగురు నుంచి తేమ ఊరుతూనే ఉంటుంది. అందుకే మంచి వైద్యులు ఆ నునుపును కొంచెం గరుకు చేసి, చిగురు మడతలో సన్నని దారం పెట్టి దానిని పక్కకు జరిపి, తడి లేకుండా చూసుకుని అప్పుడు పూడుస్తారు. 1970ల మొదట్లో లండన్‌లో విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు వెల్లడించిన గ్లాస్ అయానమర్ సిమెంటు పంటికి రసాయనికంగా అతుక్కుంటుంది, ఫ్లోరైడ్‌ను వదులుతుంది, ఇలాంటి చోట బాగా నిలుస్తుంది. కాంపోజిట్ అనే మరో పూడ్చే పదార్థం పంటి రంగులో కలిసిపోయి అందంగా ఉంటుంది గానీ తేమను ఓర్చుకోదు. నవ్వితే కనిపించే పన్నా, లోపలి పన్నా అన్నదాన్ని బట్టి వైద్యులతో మాట్లాడి ఎంచుకోవాలి. నిద్రలో పళ్లు కొరికేవారికి రాత్రిపూట తొడుక్కునే గార్డు ఇవ్వకుండా ఏది పెట్టినా సందేహమే. చిగురు బాగా జారినవారికి సిమెంటు ఆ చిగురును వెనక్కి తేలేదు. అంగిలి నుంచి కణజాలం తీసి అతికించే శస్త్రచికిత్స వేరుగా ఉంది, అది అవసరమా అన్నది చిగుళ్ల నిపుణులు చెప్పాలి.

నా విషయానికి వస్తే, మెత్తని కుచ్చుల బ్రష్షును పెన్ను పట్టుకున్నట్లు వేళ్లతో పట్టుకుని, చిగురు వైపు ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న కదలికలతో తోముకోవడం నేర్చుకున్నాను. యాభై ఏళ్ల అలవాటు పోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ తరువాతే ఆ అమ్మాయి రెండు పళ్లకు సిమెంటు పెట్టింది, నాలుగేళ్లయినా అవి ఊడలేదు. మూడో పంటి గాటును వదిలేసి ఫొటోలతో గమనిస్తున్నాం.

మీ ఆదివారం సంచికలోని ఆరోగ్యం పేజీలో ఈ గాటు బొమ్మను, పుచ్చుపంటి బొమ్మను పక్కపక్కన వేసి, హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆచార్యులలో ఎవరిచేతనైనా వివరంగా రాయించమని కోరుతున్నాను. నేను ఎన్ని మాటలు రాసినా, అద్దం ముందు నిలబడి తన పంటితో పోల్చి చూసుకునే వీలు బొమ్మతోనే కలుగుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
నరసరావుపేట