పైలట్లు ఎందుకు నిలవడం లేదని అడిగిన నాయనకు

విచిటా, కాన్సాస్
నవంబరు 2024

పూజ్యులైన నాయనకు, అమ్మకు మీ పెద్ద కూతురు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ ఆరోగ్యం, అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉన్నాయో తెలియజేయగలరు. పోయిన ఆదివారం ఫోనులో, నేను పైలట్‌గా పనిచేసే ఈ చిన్న సరుకు విమానాల కంపెనీలో మా చీఫ్ పైలట్ కూడా ఉద్యోగం మానేశాడని చెప్పగానే, "ఏమ్మా, పైలట్లు ఎందుకు నిలవడం లేదు? ఆ కంపెనీ మునిగిపోతా ఉందా?" అని మీరు అడిగారు. లేదని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను కానీ, మీ ప్రశ్నకు అది జవాబు కాదు. ప్రొద్దుటూరు డిపోలో ఏళ్ల తరబడి కంట్రోలరుగా డ్యూటీలు వేసిన మీకు విషయం మొదటి నుంచీ చెబితే నాకన్నా బాగా అర్థమవుతుంది. సగం చెప్పి వదిలేస్తే మీకు నిద్ర పట్టదని కూడా తెలుసు. అందుకే తీరికగా రాస్తున్నాను.

మీ డిపోలో అద్దె బస్సులు నడిచేవి కదా. బస్సూ డ్రైవరూ ప్రైవేటు యజమానివి, రూటూ కండక్టరూ ఆర్టీసీవి, ఎక్కేవాళ్లకు మాత్రం అది ఆర్టీసీ బస్సే. ఇక్కడి చిన్న కార్గో కంపెనీల పద్ధతీ దాదాపు అదే, కాకపోతే తిరగేసి ఉంటుంది. చాలాచోట్ల విమానం పెద్ద పార్సిల్ కంపెనీది, దాని మీది రంగూ పేరూ వాళ్లవే. నడిపే పైలట్, బాగుచేసే మెకానిక్, ప్రభుత్వం ఇచ్చిన ఆపరేటర్ సర్టిఫికెట్, ఏదైనా జరిగితే మోయవలసిన బాధ్యత చిన్న కంపెనీవి. మెంఫిస్ వంటి హబ్బులో, అంటే పార్సిళ్లన్నీ చేరే పెద్ద కేంద్రంలో, రాత్రంతా వేరుచేసిన పార్సిళ్లతో పెద్ద జెట్ తెల్లవారేసరికి ఇక్కడ దిగుతుంది. జెట్ పంపేంత సరుకు లేని ఊళ్లకు వెళ్లవలసినవాటిని మా సెస్నా క్యారవాన్‌లలోకి ఎక్కిస్తారు. ఒకే ఇంజను, ఒకే పైలట్, టన్నుకు పైగా సరుకు. పొద్దున వెళ్లిన పైలట్ పగలంతా ఆ ఊళ్లోనే ఒక గదిలో పడుకుని, సాయంత్రం అక్కడి పార్సిళ్లు తీసుకుని తిరిగివస్తాడు. ఆ పెట్టెల్లో మందులుంటాయి, రక్తపరీక్షల నమూనాలుంటాయి, కోత మధ్యలో ఆగిపోయిన యంత్రానికి కావలసిన విడిభాగాలుంటాయి. ఆ ఊళ్లకు ఈ విమానం ఎంత అవసరమో, శనగ నూర్పిళ్లు ఎరిగిన మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక పైలట్లు ఎందుకు నిలవరో చెబుతాను. ఒంటరిగా, మబ్బుల్లో పరికరాలను చూసుకుంటూ సరుకు విమానం నడపాలంటే ఇక్కడి నియమం ప్రకారం 1200 గంటలు ఎగిరిన అనుభవం ఉండాలి. ప్రయాణికుల ఎయిర్‌లైన్‌లో చేరడానికి మామూలుగా 1500 గంటలు కావాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్నది 300 గంటలే, మా రూట్లలో ఏడాది తిరగకముందే అవి పూర్తవుతాయి. పిల్లవాడు రూటు నేర్చుకుని, ఏ ఊళ్లో ఎదురుగాలి ఎలా వీస్తుందో తెలుసుకుని, మనం నిశ్చింతగా పంపగలిగే సమయానికి అతని దగ్గర ఎయిర్‌లైన్‌కు చాలినన్ని గంటలు ఉంటాయి. జీతం, కొత్త జెట్ మీద శిక్షణ, సీనియారిటీ, కుటుంబానికి ఉచిత ప్రయాణం అన్నీ అటువైపే ఉన్నప్పుడు వెళ్లడం తప్పని నేను అనలేను. 2014 జనవరిలో ప్రయాణికుల విమానాల పైలట్లకు కొత్త విశ్రాంతి నియమాలు వచ్చినప్పుడు సరుకు విమానాల వాళ్లను వాటి నుంచి మినహాయించారు. పార్సిళ్లు మోసే మనిషికి అలసట తక్కువగా వస్తుందని ఎవరు అనుకున్నారో కానీ, ఆ మినహాయింపు నాకు నేటికీ అన్యాయంగానే కనిపిస్తుంది.

ఆ 1500 గంటల నియమం వెనుక ఒక ఘోరం ఉంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి కోల్గన్ ఎయిర్ 3407 అనే విమానం బఫెలో నగరం దగ్గర ఒక ఇంటి మీద కూలి, విమానంలోని 49 మందీ, ఆ ఇంట్లోని ఒకరూ చనిపోయారు. ఆ కుటుంబాలు పట్టు విడవకుండా పోరాడడం వల్లనే 2010లో చట్టం వచ్చింది, 2013లో ఈ గంటల నిబంధన అమలైంది. ఆ కుటుంబాల మీద నాకు ఎంతో గౌరవం. అయినా ఆ రోజు విమానంలో ఉన్న ఇద్దరు పైలట్లకూ 1500 గంటలకు మించిన అనుభవం ఉందన్న సంగతిని మరచిపోకూడదు. స్టాల్ హెచ్చరిక, అంటే రెక్కలు ఇక విమానాన్ని మోయలేవన్న హెచ్చరిక, వచ్చినప్పుడు ఆ చేతులు ఏం చేశాయన్నదే ప్రాణాలు తీసింది. అది శిక్షణకు, అలవాటుకు సంబంధించిన విషయం, లాగ్‌బుక్కులోని అంకెకు సంబంధించినది కాదు.

పైలట్ల ఈ రాకపోకలు ఎప్పుడూ ఒకే వేగంతో ఉండవు. 2007 చివరలో ఇక్కడ ఎయిర్‌లైన్ పైలట్ల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచినప్పుడు పైవాళ్లు కదలలేదు, కిందివాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పెద్ద ఎయిర్‌లైన్లు డబ్బిచ్చి మరీ సీనియర్లను ముందుగా ఇంటికి పంపాయి. 2021 నుంచి ప్రయాణికులు తిరిగి వచ్చేసరికి మనుషులు చాలలేదు, ప్రాంతీయ ఎయిర్‌లైన్లు జీతాలు ఒక్కసారిగా పెంచాయి, మాలాంటి చిన్న కంపెనీలు ఖాళీ అయ్యాయి. ఈ ఏడాది నియామకాలు మందగించాయి కనుక పైలట్లు వెళ్లడం తగ్గింది. "వెళ్లేవాళ్లను ఆపలేరా?" అని కూడా మీరు అడిగారు. మన దేశంలో 2017 నుంచి విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నియమం ప్రకారం కెప్టెన్ ఏడాది ముందు, కో-పైలట్ ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఇక్కడ అలాంటి చట్టం లేదు, రెండు వారాలు ముందు చెప్పడం మర్యాద, అంతే. శిక్షణ ఖర్చు కింద బాండు రాయించుకునే కంపెనీలున్నాయి. బాండు గడువు కోసం రోజులు లెక్కపెట్టుకునే మనిషిని ఒంటరిగా రాత్రి విమానంలో పంపడం నాకు ఇష్టం లేదు.

అయితే నాయనా, పైలట్లు వెళ్లిపోవడం ఈ వ్యాపారంలో ఉన్నదే, దానికి ఈ వ్యాపారం అలవాటు పడింది. నన్ను కలవరపెట్టేది నేర్పేవాళ్లు, పంపేవాళ్లు, ఆపేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మారిపోవడం. మాలాంటి కంపెనీకి డైరెక్టర్ ఆఫ్ ఆపరేషన్స్, చీఫ్ పైలట్, మెయింటెనెన్స్ డైరెక్టర్ అనే మూడు పదవులు ఉండి తీరాలని చట్టం చెబుతుంది. వాటిలో ఎవరు మారినా, ఏ పదవి ఖాళీ అయినా 10 రోజుల లోపల ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌ఏఏకు తెలియజేయాలి. చీఫ్ పైలట్ పదవికి మొదటిసారి వచ్చే మనిషి గత ఆరేళ్లలో కనీసం మూడేళ్లు ఇటువంటి వాణిజ్య విమానాలకు కెప్టెన్‌గా పనిచేసి ఉండాలి. ఏడాదికి ఒకసారి మనుషులు మారే చోట మూడేళ్లు నిలిచినవాళ్లు ఎందరుంటారో మీరే ఆలోచించండి. అందువల్ల పై పదవులకు బయటివాళ్లు వస్తారు. వాళ్లు చదువుకున్నవాళ్లే, మంచివాళ్లే కావచ్చు, కానీ మా ఊళ్లూ మా రాత్రులూ వాళ్లకు తెలియవు.

మా కంపెనీని స్థాపించిన పెద్దాయన దాన్ని ఒక పెట్టుబడి సంస్థకు అమ్మి తప్పుకున్నారు. ఆ తర్వాత డైరెక్టర్ ఆఫ్ ఆపరేషన్స్ మారారు, కొన్నాళ్లకు మెయింటెనెన్స్ డైరెక్టర్, ఇప్పుడు చీఫ్ పైలట్. కడపలో విమానం ఆగితే ఊరంతటికీ తెలుస్తుంది. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజే కడప–హైదరాబాద్ ట్రూజెట్ విమానం ఎగిరిందని మీరంతా సంబరపడ్డారు, 2022లో ఆ కంపెనీ విమానాలు ఆగిపోయినప్పుడు ఇక బస్సే గతి అని చిన్నాయన విసుక్కున్నాడు. సరుకు విమానంలో అలా తెలియదు. లోపల అనుభవం అంతా ఖాళీ అయిపోతున్నా బయటివాళ్లకు కనిపించేది ఒక పార్సిలు ఒకరోజు ఆలస్యంగా రావడమే.

వెళ్లిపోయిన చీఫ్ పైలట్ నాకు ఏం నేర్పాడో చెబితే ఈ బెంగ ఎందుకో మీకు తెలుస్తుంది. క్యారవాన్ రెక్క మనిషి తలకన్నా ఎత్తున ఉంటుంది, దాని పైభాగం కింద నిలబడినవాళ్లకు కనిపించదు. ఆ రెక్క మీద పలుచటి మంచుపొర ఉన్నా విమానం సరిగా లేవదు. కొన్ని ప్రమాదాల తర్వాత, చలిలో తేమ ఉన్నప్పుడు బయలుదేరే ముందు రెక్కను చేత్తో తడిమి చూడాలని 2005లో ఎఫ్‌ఏఏ ఆదేశించింది. పుస్తకంలో అది ఒక్క వాక్యం. ఆయన తెల్లవారుజామున నిచ్చెన వేయించి, నా చేతి తొడుగు తీయించి, అరచేయి రెక్క మీద ఆనించి ముందు అంచు నుంచి వెనక్కి నెమ్మదిగా జరపమన్నాడు. దీపం వెలుగులో తడిగా మెరిసిన చోట వేళ్లకు సన్నని గరుకు తగిలింది. "కన్ను దాన్ని నీరంటుంది, నువ్వు మాత్రం చేతిని నమ్ము" అన్నాడు. మంచు కరిగించే ద్రవం చల్లించి మళ్లీ తడిమించాడు. గాల్లో మంచు పట్టే చోట వేగం 120 నాట్ల కన్నా తగ్గనీయకూడదని, ఆ వేగం నిలవకపోతే అప్పటికే వెనుదిరిగి ఉండాలని, ఏ ఊరి వైపు తిరగాలో బయలుదేరకముందే నోటితో చెప్పించేవాడు.

ఆయన మరో పని కూడా చేసేవాడు. వాతావరణం బాగాలేదని పైలట్ ఆగిపోతే, పార్సిల్ కంపెనీ నుంచి వచ్చే ఫోన్లన్నీ తానే తీసుకునేవాడు. పైలట్ దాకా ఒక్క ప్రశ్న కూడా రానిచ్చేవాడు కాదు. యాజమాన్యం మారిన తర్వాత మనుషులు చాలక ఆయన్నే రోజూ రూటు మీద పంపడం మొదలుపెట్టారు. నేర్పవలసినవాడు సాయంత్రం దాకా మరో ఊళ్లో కూర్చుంటే కొత్తవాళ్లకు నేర్పేదెవరు, ఆరు నెలలకొకసారి చేయవలసిన పరీక్షలకు తీరికెక్కడ? పోయిన శీతకాలంలో ఒక కుర్రవాడు మంచువాన చూసి ఆగిపోతే, ఆఫీసు నుంచి నేరుగా అతనికే ఫోను చేసి, పక్క కంపెనీ విమానం వెళ్లింది కదా, నువ్వెందుకు వెళ్లలేదని అడిగారు. వెళ్లమని ఎవరూ అనలేదు, అడిగారు అంతే. కానీ 1200 గంటల వయసులో ఉన్న పిల్లవాడికి ఆ ప్రశ్న ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. మరుసటి నెలలో అతను మానేశాడు, ఆ తర్వాత చీఫ్ పైలట్ మానేశాడు. జీతం చాలక వెళ్లినవాళ్ల లెక్కలో వీళ్లిద్దరినీ కలిపి రాసుకున్నారు, అది నాకు బాధగా ఉంది.

ఇప్పుడు ఆ పదవి నన్ను తీసుకోమంటున్నారు. కొత్త డైరెక్టర్ ఆఫ్ ఆపరేషన్స్ ప్రయాణికుల ఎయిర్‌లైన్ నుంచి వచ్చినవారు, మా పని తెలియదని దాచుకోకుండా చెప్పారు, అది నాకు నచ్చింది. నేను మూడు విషయాలు రాతపూర్వకంగా అడిగాను. మనిషి సెలవు పెట్టిన రోజున తప్ప చీఫ్ పైలట్‌ను మామూలు రూటు మీద వేయకూడదు. ఆగిన పైలట్‌ను నేను తప్ప మరెవరూ ఫోనులో అడగకూడదు. కొత్తవాళ్లు తమ మొదటి శీతకాలంలో మంచు ఉన్న రోజున పాతవాళ్లతో కలిసి ఎగరాలి, ఆ రెండో మనిషి జీతం కంపెనీ భరించాలి. మూడోదానికి డబ్బు ఖర్చవుతుంది కనుక కొన్నాళ్లు నలిగింది, చివరికి ఒప్పుకున్నారు. కాగితం చేతికి వచ్చిన తర్వాతే సరేనన్నాను, జనవరి నుంచి బాధ్యత తీసుకుంటాను.

జెట్‌కు వెళ్లే అవకాశం వదులుకుంటున్నావా అని అమ్మ అడుగుతుంది. అది వయసుతో ముడిపడిన అవకాశమే, ఆలస్యమైన కొద్దీ సీనియారిటీ తగ్గుతుంది, ఆ నష్టం నాకు తెలుసు. కానీ నేర్పేవాళ్లంతా వెళ్లిపోయిన చోటికి వచ్చే ఏడాది మళ్లీ ఏ ఇంటి పిల్లలో వస్తారు. కనీసం రెండు మూడు శీతకాలాలు నేను ఇక్కడ ఉండి, నా తర్వాత ఆ కుర్చీలో కూర్చోగలిగే మనిషిని తయారుచేయాలని నా కోరిక. అల్లుడుగారు కూడా సమ్మతించారు.

చిన్నాయన కొడుకు పైలట్ కావాలంటున్నాడని, మైదుకూరు దగ్గరి చేను తాకట్టు పెట్టాలని చూస్తున్నారని విన్నాను. దయచేసి వారిని తొందరపడవద్దని చెప్పండి. ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్-2 మెడికల్, ఆ తర్వాత క్లాస్-1 చేయించాలి. కంటి చూపులోనో చెవిలోనో తేడా ఉంటే డబ్బు కట్టకముందే తెలుస్తుంది. మన దేశపు కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు చాలు, కానీ లైసెన్సు వచ్చిన ఏడాదే ఉద్యోగాలు ఉంటాయన్న నమ్మకం లేదు, ఈ రంగంలో మంచి రోజులూ చెడ్డ రోజులూ ఎలా తిరుగుతాయో పైన రాశాను. శిక్షణ కోసం విద్యార్థి వీసా మీద అమెరికాకు వచ్చినవాళ్లకు ఇక్కడే పైలట్ ఉద్యోగం దొరకడం చాలా కష్టం. నాకు దొరికింది గ్రీన్ కార్డు ఉన్నందువల్లనే. "అమెరికాలో పైలట్ల కొరత" అని ఏజెంట్లు చెప్పే మాట నమ్మి చేను తాకట్టు పెట్టవద్దని నా మాటగా చెప్పండి. అబ్బాయిని ఆదివారం మీ ఇంటికి రమ్మనండి, సాయంత్రం మీ టైముకు ఏడింటికి నేనే ఫోను చేసి అతనితో మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెద్ద కూతురు