ఆ సంతకం ఎవరు పెట్టాలి? ఐటీ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

సంస్థల్లో సమాచార భద్రతను తనిఖీ చేసే ఆడిటర్‌ని. భద్రతా నియమాల పాలసీ చూపించమనగానే చక్కగా బైండు చేసిన పుస్తకం నా ముందు పెడతారు. ఒకచోట అందులో ఇంకో సంస్థ పేరు కనబడింది. కాపీ చేసినవాళ్లు మార్చడం మరిచిపోయారు. అధిపతి ఒక్కసారి తిరగేసినా పట్టుకునేవారు. అడుగున ఆయన సంతకం మాత్రం ఉంది.

మనలాంటి వర్ధమాన దేశాల్లో భద్రత అంటే కొనుగోలు అనుకుంటున్నాం. 2024 జూన్‌లో ఇండోనేషియా జాతీయ డేటా సెంటర్‌ మీద రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్) దాడి జరిగింది. 200కు పైగా ప్రభుత్వ సంస్థల పనులు దెబ్బతిన్నాయి, విమానాశ్రయాల్లో ఇమ్మిగ్రేషన్ క్యూలు పెరిగిపోయాయి. దాడి చేసినవాళ్లు 80 లక్షల డాలర్లు అడిగారు. తీరా చూస్తే చాలా డేటాకు బ్యాకప్, అంటే విడిగా దాచిన నకలు, లేదు. సౌకర్యం లేక కాదు. తీసుకోవాలో వద్దో శాఖల ఇష్టానికి వదిలేశారు, డబ్బుల్లేవని శాఖలు వదులుకున్నాయి. దీన్ని టెక్నాలజీ లోపమంటే నేను ఒప్పుకోను.

దాచిపెట్టడం ఇంకో జబ్బు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ సెంట్రల్ బ్యాంకు ఖాతాలోంచి 8.1 కోట్ల డాలర్లు కొట్టేస్తే, ఆ సంగతి ఆర్థిక మంత్రికి దాదాపు నెల తర్వాత పత్రికల ద్వారా తెలిసింది. కింది ఉద్యోగులకూ అదే టెన్షన్: చెబితే తమ మీదికే వస్తుందని.

చాలా సంస్థల్లో భద్రతా అధికారి ఐటీ అధిపతి కింద పనిచేస్తాడు. తప్పులు పట్టాల్సింది ఆయనవే, సెలవు అడగాల్సిందీ ఆయన్నే. ఇక అప్పులతో, విరాళాలతో వచ్చే ప్రాజెక్టుల కథ వేరు. నిధులు ఆగగానే కాంట్రాక్టర్లు వెళ్లిపోతారు, వాళ్ల అడ్మిన్ పాస్‌వర్డులు మాత్రం ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటాయి.

కొత్త చట్టం అడగడం లేదు. ఒక్క ఉత్తర్వు చాలు. భద్రతా అధికారి నేరుగా సంస్థ అధిపతికే జవాబు చెప్పాలి. బ్యాకప్ నుంచి డేటాను ఏ తేదీన తిరిగి తీసి చూశారో, ఎన్ని గంటలు పట్టిందో ఏటా రాసి, అధిపతే సంతకం పెట్టాలి. దాడిని వెంటనే చెప్పినవాళ్లను శిక్షించకూడదు, దాచినవాళ్లను వదలకూడదు.

మొదటి కాగితం మీ శాఖదే కావాలి. అందులో తేదీ దగ్గర ఏం రాస్తారు?

ఇట్లు,
ఒక ఆడిటర్