పాత ఉద్యోగాల పెన్షన్‌ను కార్మికుడే ఎందుకు వెతుక్కోవాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

పీఎఫ్ మీద పత్రికల్లో వచ్చే వార్తలు ఎక్కువగా ఈ ఏడాది వడ్డీ ఎంత, అడ్వాన్స్ ఎలా తీసుకోవాలి అనే రెండు విషయాల చుట్టూనే తిరుగుతాయి. అవి కావాల్సినవే, కాదనను. కానీ ఎప్పుడో మానేసిన ఉద్యోగాల్లో ఉండిపోయిన పీఎఫ్ గురించి, అంతకంటే ముఖ్యంగా పెన్షన్ సర్వీసు, అంటే పెన్షన్ లెక్కలోకి వచ్చే ఉద్యోగ కాలం గురించి ఎవరూ గట్టిగా రాయడం లేదు. ప్రైవేటు కంపెనీల్లో అకౌంట్స్ చూస్తూ ఏళ్ల తరబడి పీఎఫ్ చలానాలు కట్టినవాణ్ణి, అందుకే ఈ ఉత్తరం.

అందరికీ గుర్తుండేది పీఎఫ్ డబ్బు. ఉద్యోగి జీతంలోంచి 12 శాతం కోస్తారు, యజమాని ఇంకో 12 శాతం కలుపుతాడు. అయితే యజమాని వాటా మొత్తం పీఎఫ్‌లోకి వెళ్లదు. అందులో 8.33 శాతం 1995 నాటి పెన్షన్ పథకానికి పోతుంది, మిగిలిన 3.67 శాతమే పీఎఫ్‌లో పడుతుంది. ఆ పెన్షన్ వాటాకు జీతం పరిమితి 2014 సెప్టెంబర్ నుంచి 15,000 రూపాయలు, అంటే మామూలుగా నెలకు 1,250 రూపాయలకు మించి అటు వెళ్లదు. చిన్న మొత్తమే కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ పథకంలో అసలు విలువ డబ్బుది కాదు, సర్వీసుది. కనీసం పదేళ్ల సర్వీసు ఉంటేనే 58 ఏళ్లు నిండాక నెలనెలా పెన్షన్ వస్తుంది, బతికినన్నాళ్లూ వస్తుంది, తర్వాత భార్యకో భర్తకో అందులో సగం వస్తుంది.

ఒక మనిషి ఒక కంపెనీలో ఆరేళ్లు, ఇంకో కంపెనీలో ఐదేళ్లు చేశాడనుకుందాం. విడివిడిగా చూస్తే రెండు చోట్లా పెన్షన్ లేదు. రెండూ కలిపితే పదకొండేళ్లు. జీతం 15,000 పరిమితి దగ్గర ఉంటే, జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి కాబట్టి, నెలకు సుమారు 2,357 రూపాయలు. దాంతో ఇల్లు గడవదు, నిజమే. కానీ వేరే ఏ ఆధారమూ లేని ఇంట్లో అది మందుల ఖర్చుకు సరిపోతుంది, అది కూడా ఆయన సొంత కష్టార్జితం. రెండు ఖాతాలు కలపలేదన్న ఒక్క కారణంతో అది పోతోంది.

ఇలా ఎవరికి జరుగుతోందంటే, ప్రైవేటు స్కూళ్లలో టీచర్లకు, ఆసుపత్రుల్లో నర్సులకు, ఫార్మా కంపెనీల్లో, స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేసి మానేసిన వాళ్లకు, సెక్యూరిటీ గార్డులకు. కాంట్రాక్టు కార్మికుల సంగతి మరీ ఘోరం. మనిషి పదిహేనేళ్లుగా అదే గేటు లోపలికి వెళ్తుంటాడు, కానీ కాంట్రాక్టర్ మారినప్పుడల్లా పీఎఫ్ నంబరు మారిపోతుంది, ఎందుకంటే ఖాతా ఫ్యాక్టరీ పేరు మీద ఉండదు, కాంట్రాక్టర్ పేరు మీద ఉంటుంది. ఆ కాంట్రాక్టర్లలో సగం మంది పేర్లు కూడా ఆయనకు తెలియవు. ఇక పెళ్లయ్యాక ఊరు మారి ఉద్యోగం వదిలేసిన ఆడవాళ్లయితే తమకు ఒక పీఎఫ్ ఖాతా ఉందన్న సంగతే మరిచిపోయారు.

2014 అక్టోబర్‌లో యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) వచ్చింది, పన్నెండు అంకెల నంబరు, ఎన్ని ఉద్యోగాలు మారినా ఒకటే ఉండాలి. మంచి ఏర్పాటు. దానికి ముందు మానేసిన ఉద్యోగాల ఖాతాలే చిక్కు, వాటిలో చాలా వాటికి యూఏఎన్ లేదు, ఆధార్ లేదు, ఫోన్ నంబరు లేదు. అలాంటివి వెతకాలంటే పాత కాగితాలే దిక్కు. పే స్లిప్, ఏటా ఇచ్చే పీఎఫ్ స్లిప్, అపాయింట్‌మెంట్ లెటర్, వీటిలో ఏదో ఒకదాని మీద పీఎఫ్ నంబరు ఉండే అవకాశం ఉంది. ఏమీ దొరక్కపోతే అప్పట్లో కలిసి పనిచేసిన వాళ్లను అడగండి. పీఎఫ్ నంబరులో ముందు ప్రాంతం, ఆఫీసు గుర్తులు, తర్వాత కంపెనీ కోడ్, చివర్లో మాత్రమే ఉద్యోగి సొంత నంబరు ఉంటాయి. కాబట్టి పక్క సీటు మనిషి నంబరు దొరికినా కంపెనీ కోడ్ దొరికినట్టే. పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరుతో వెతికే సౌకర్యం కూడా ఉంది. కంపెనీ మూతపడినా ఖాతా పోదు, రికార్డు పీఎఫ్ ఆఫీసు దగ్గర ఉంటుంది. కొన్ని పెద్ద కంపెనీలు సొంత ట్రస్టు పెట్టుకుని పీఎఫ్ నడుపుతాయి, అక్కడ పనిచేసిన వాళ్లు పీఎఫ్ డబ్బు కోసం ట్రస్టును అడగాలి, పెన్షన్ వాటా మాత్రం అప్పుడూ పీఎఫ్ సంస్థ దగ్గరే ఉంటుంది.

"మూడేళ్లు దాటితే వడ్డీ ఆగిపోతుంది, ఇంకేం మిగులుతుందిలే" అని చాలామంది అనుకుంటున్నారు. 2011లో అలాంటి నిబంధన వచ్చిన మాట నిజమే, 2016లో దాన్ని మార్చారు. ఉద్యోగం మధ్యలో మానేసిన వాళ్ల ఖాతాకు రిటైర్మెంట్ వయసు వరకూ వడ్డీ పడుతూనే ఉంటుంది.

మానేసినప్పుడు డబ్బు తీసేసుకున్నాం, ఇంకేమీ లేదు అనుకునే వాళ్లు కూడా ఒకసారి ఆగి ఆలోచించండి. ఫారం 19 పీఎఫ్ డబ్బుకు, ఫారం 10సి పెన్షన్ వాటాకు. రెండూ పెట్టి మొత్తం తీసేసుకుంటే ఆ సర్వీసు అక్కడితో సరి. 19 ఒక్కటే పెట్టిన వాళ్ల పెన్షన్ సర్వీసు మాత్రం ఇంకా అక్కడే ఉంది. అలాగే పాత ఖాతాను కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ చేశాక పాస్‌బుక్‌లో పెన్షన్ కాలమ్‌లో సున్నా చూసి టెన్షన్ పడేవాళ్లున్నారు. అక్కడ డబ్బు కనపడదు, బదిలీ అయ్యేది సర్వీసే. పీఎఫ్ సంస్థ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి పాత కంపెనీ తేదీలు వచ్చాయో లేదో చూసుకోవడమే పద్ధతి.

ఇవన్నీ దాటాక కూడా పేరు దగ్గర బండి ఆగిపోతుంది. మన ఇంటిపేర్లతో వచ్చిన తంటా ఇది. పాత రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక. ఆడవాళ్లకు పెళ్లికి ముందు ఒకటి, తర్వాత ఒకటి. పుట్టిన తేదీ ఆ రోజుల్లో క్లర్కు తోచింది రాసి ఉంటాడు. వీటిలో ఏది కలవకపోయినా క్లెయిమ్ వెనక్కి వస్తుంది. సరిదిద్దడానికి జాయింట్ డిక్లరేషన్ అని ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే దరఖాస్తు ఉంది కానీ పాత ఖాతాలకు దాని మీద పాత యజమాని ఒప్పుకోలు కావాలి, అందుకే ఆ కంపెనీ ఇంకా నడుస్తుండగానే, అక్కడ మనల్ని గుర్తుపట్టే మనిషి ఒక్కరైనా ఉండగానే ఈ పని చేసుకోండి అని అందరికీ చెబుతుంటాను. పాత యజమాని మానేసిన తేదీ వేయకపోతే అది మాత్రం ఇప్పుడు ఉద్యోగే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు, చివరి చందా పడ్డాక రెండు నెలలు ఆగాలి, అంతే.

క్లెయిమ్‌కు పీఎఫ్ ఆఫీసులో ఒక్క రూపాయి ఫీజు లేదు. వచ్చిన దాంట్లో ఇంత వాటా అని బేరం పెట్టి, ఆధార్, ఓటీపీ అడిగే దళారుల దగ్గరికి మన వాళ్లు ఎందుకు వెళ్తున్నారంటే దారి చెప్పేవాళ్లు వేరే ఎవరూ లేక. ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ వాళ్లు 'నిధి ఆప్కే నికట్' (నిధి మీ దగ్గరికే) పేరుతో శిబిరం పెడుతున్నారు. ఆ సంగతి ఎంతమంది కార్మికులకు చేరింది? పేరే హిందీలో ఉంటే మన దగ్గర మిల్లు కార్మికుడికి అది తనకోసమేనని ఎలా తెలుస్తుంది? మీ పత్రిక జిల్లా పేజీలో నెలనెలా స్థలం, సమయం వేస్తే చాలా మేలు.

పీఎఫ్ సంస్థను నేను అడిగేది ఒక్కటే. డబ్బు ఎవరిదో వెతికే బాధ్యత కూడా మీరు తీసుకోండి. బ్యాంకుల్లో ఎవరూ అడగని డిపాజిట్లు వెతకడానికి రిజర్వ్ బ్యాంక్ 2023లో ఉద్గమ్ పోర్టల్ తెచ్చింది, పేరూ వివరాలూ ఇస్తే చాలా బ్యాంకుల్లో ఒకేసారి వెతకొచ్చు. పాత పీఎఫ్ ఖాతాలకూ అంత తేలికైనది, తెలుగులో పనిచేసేది కావాలి. ఆధార్ ఉన్న ప్రతి సభ్యుడికీ యాభై ఏళ్లు వచ్చేసరికి "మీ సర్వీసు ఇంత, ఇంకా ఇన్నేళ్లు ఉంటే పెన్షన్ వస్తుంది" అని ఒక మెసేజ్ పంపడం ఏమంత కష్టం?

కంపెనీలకూ ఒక మాట. కొత్తగా చేరిన మనిషి పాత యూఏఎన్ అడగకుండా కొత్తది పుట్టించడం మానండి. వెళ్లిపోయే వాళ్ల రిలీవింగ్ లెటర్ మీద పీఎఫ్ నంబరు, యూఏఎన్, చేరిన తేదీ, మానేసిన తేదీ అచ్చు వేసి ఇవ్వండి. కార్మిక శాఖ దీన్ని తప్పనిసరి చేస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంటెంట్