డెవర్స్ ట్రేడ్, 2025 జులై 31 గడువు

అందరికీ నమస్తే. మన బేస్‌బాల్ టీమ్ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మన ఆటగాళ్లని ఇచ్చి (ఇదే ట్రేడ్) బోస్టన్ రెడ్ సాక్స్ నుంచి రఫేల్ డెవర్స్‌ని తెచ్చుకోవడం సరైనదేనా అని నిన్న రాత్రి మొదలైన వాదన మీద నా మాట కూడా చెప్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

మనం ఇచ్చింది తక్కువేం కాదు. పిచ్చర్లు (బంతి వేసేవాళ్లు) జోర్డన్ హిక్స్, కైల్ హారిసన్, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు. హారిసన్ మన బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) అబ్బాయే. జూన్ 15న డాడ్జర్స్ టీమ్ మీద బంతి వేయాల్సినవాణ్ణి ఆటకి కాస్త ముందు ఆపేసి పంపేశారు. నాకు నిజంగా బాధేసింది.

కానీ 2004లో బ్యారీ బాండ్స్ తర్వాత 2024 సీజన్ దాకా జెయింట్స్ తరఫున ఒక్క సీజన్‌లో 30 హోమ్‌రన్‌లు (బంతిని మైదానం బయటికి దాటించే షాట్లు) కొట్టినవాడు లేడు. అలాంటి బ్యాట్ ఊరికే దొరకదు.

"బోస్టన్‌లో గొడవపడ్డాడుగా" అంటున్నారు. బోస్టన్ వాళ్లు అలెక్స్ బ్రెగ్‌మన్‌ని తెచ్చి, ఇతన్ని థర్డ్ బేస్ అనే ఫీల్డింగ్ స్థానం నుంచి తీసి బ్యాటింగ్‌కే పరిమితం చేశారు. మే నెలలో ఫస్ట్ బేస్‌లో ఆడే ట్రిస్టన్ కసాస్ మోకాలి టెండన్ తెగాక ఫస్ట్ బేస్ ఆడమన్నారు, ఇతను ఒప్పుకోలేదు. ఆ విషయంలో తప్పు ఇతనొక్కడిదే అని నేననుకోను.

నా భయమల్లా కాంట్రాక్టే. 10 ఏళ్లకి 31.35 కోట్ల డాలర్లు, 2033 దాకా. మిగిలిన 25 కోట్ల పైచిలుకు మన టీమే మోయాలి. గాయమై కూర్చున్నా డబ్బు కట్టాల్సిందే. మన టీమ్ వ్యవహారాలు చూసే బస్టర్ పోజీ తెలిసే ఈ బరువెత్తుకున్నాడు, నేనైతే ఆయన పక్షమే.

ట్రేడ్‌లకి గడువు 2025 జులై 31, మన పసిఫిక్ టైమ్ మధ్యాహ్నం 3 గంటలు. ఇంకో పిచ్చర్ కావాలా, ఎవర్ని వదులుకోవచ్చు? ఈ రాత్రికి చెప్పండి.