జాకీ విల్సన్ 75వ జయంతి సాయంత్రం: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన వాళ్ళకూ, ఇవ్వకపోయినా లెక్క అడిగిన వాళ్ళకూ నమస్కారం.

డార్ట్స్ (బోర్డు మీదికి చిన్న బాణాలు విసిరే ఆట)లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్ జాకీ విల్సన్ గుర్తుగా, 2025 మార్చి 22, శనివారం, స్కాట్లండ్‌లో ఆయన సొంతూరు కిర్కాల్డీలో మనం జరిపిన సాయంత్రం తాలూకు లెక్క ఇది. జమ 1,583 పౌండ్ల 50 పెన్స్. ఖర్చు 898 పౌండ్ల 50 పెన్స్. నిల్వ 685 పౌండ్లు. ప్రతి ఖర్చుకూ బిల్లు ఉంది. కమిటీలో లేని ఇద్దరు సభ్యులు బిల్లులన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూసి సంతకాలు పెట్టారు.

అంకెలు చాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగొచ్చు. కానీ వసూళ్ళు మొదలైన రోజు నుంచీ తలా ఓ మాట అంటూనే ఉన్నారు. వారం తిరిగితే ఉగాది పెట్టుకుని, ఎవరో స్కాట్లండ్ తాగుబోతు పేరు మీద మనవాళ్ళ దగ్గర చందాలేమిటని కొందరు మొహం మీదే అడిగారు. అడగడం వాళ్ళ హక్కు, జవాబు చెప్పడం మా పని. అందుకే పద్దుల మధ్యలో ఆయన సంగతులు కూడా రాయక తప్పలేదు.

ముందు జమ. 41 మంది ఇచ్చిన చందాలు 615 పౌండ్లు. పోటీకి పేరిచ్చిన 32 మంది తలా 5 పౌండ్ల చొప్పున 160. భోజనం కూపన్లు 88, ఒక్కోటి 6 పౌండ్లు, మొత్తం 528. రాఫెల్ (లాటరీ) టికెట్ల మీద 143. తలుపు దగ్గర పెట్టిన డబ్బాలో పడింది 94 పౌండ్ల 50 పెన్స్. ఇవి పోగా ఇండియా నుంచి ఒక్క చందా వచ్చింది. మన సభ్యుడొకరి తండ్రి, గోదావరిఖనిలో ఉంటున్న రిటైర్డ్ సింగరేణి కార్మికుడు, 5,000 రూపాయలు పంపారు. బ్యాంకు కోతలు పోను మన ఖాతాలో పడింది 43 పౌండ్లు. ఆయనకు డార్ట్స్ అంటే ఏమిటో తెలియదు. బొగ్గుబావిలో పనిచేసినవాడు ప్రపంచ చాంపియన్ అయ్యాడని కొడుకు చెబితే, వెంటనే పంపమన్నారు. మొత్తం వసూళ్ళలో, ఎందుకు ఏమిటి అని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వచ్చిన డబ్బు అదే.

అవును, జాకీ విల్సన్ బావిలో పనిచేసినవాడే. 1950 మార్చి 22న ఇదే కిర్కాల్డీలో పుట్టాడు. తల్లిదండ్రులు పిల్లల్ని సరిగ్గా చూసుకోలేరని అధికారులు తేల్చడంతో చిన్నతనం చాలావరకు అనాథాశ్రమంలో గడిచింది. కొన్నాళ్ళు సైన్యంలో ఉన్నాడు. తర్వాత ఇళ్ళకు బొగ్గు బస్తాలు మోశాడు, చేపల పనికి వెళ్ళాడు, సీఫీల్డ్ గనిలోకి దిగాడు. ఆ గని సొరంగాలు సముద్రం అడుగుకు పోయేవి, 1988లో మూసేశారు. ఒకప్పుడు కిర్కాల్డీ అంటే లినోలియం (నేల మీద పరిచే షీట్లు) ఫ్యాక్టరీలు, బొగ్గు. ఇప్పుడా రెండు పేర్లూ పెద్దవాళ్ళ కబుర్లలోనే ఎక్కువగా వినిపిస్తాయి. ఆర్థికశాస్త్రానికి ఆద్యుడని చెప్పుకునే ఆడమ్ స్మిత్ పుట్టిందీ ఈ ఊళ్ళోనే, ఆయన పేరు మీద థియేటర్ కూడా ఉంది. మనం గుర్తు చేసుకున్నది మాత్రం దివాలా తీసిన మనిషిని.

జాకీ దగ్గరికి డబ్బు ఎలా వచ్చిందో చూడండి. 1979లో పని లేక ఖాళీగా ఉన్నప్పుడు, ఎయిర్ అనే ఊళ్ళో బట్లిన్స్ కంపెనీ వాళ్ళ హాలిడే క్యాంపులో జరిగిన డార్ట్స్ పోటీకి పేరిచ్చి గెలిచాడు. బహుమతి 500 పౌండ్లు. ఆ తర్వాతే దీన్ని వృత్తి చేసుకున్నాడు. 1982లో ఇంగ్లండ్‌లో స్టోక్ అనే ఊళ్ళోని జాలీస్ క్లబ్బులో, జాన్ లో అనే ఆటగాణ్ణి సెట్లలో 5-3తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ టైటిల్ గెలిచిన మొదటి స్కాట్లండ్ వాడు ఆయనే. దానికి దక్కింది 6,500 పౌండ్లు. 1979 నుంచి 1991 దాకా ఏ ఏడూ క్వార్టర్ ఫైనల్ తప్పలేదు. పదమూడేళ్ళ పాటు ఆ నిలకడ మామూలు విషయం కాదు. తాగుబోతు అని ఒక్క మాటతో కొట్టిపారేసే ముందు ఈ ఒక్క లెక్కయినా చూడమని మనవి.

ఇక ఖర్చులు. హాలు ఆరు గంటలకు, గంటకు 22 పౌండ్ల చొప్పున 132. డిపాజిట్ 100 కట్టాం, తిరిగి వచ్చింది, కాబట్టి అది జమలోనూ లేదు, ఖర్చులోనూ లేదు. ఒక్కరోజు ఇన్సూరెన్స్ 64. పిల్లలు తిరిగే చోట మొనదేలిన ఇనుప ముక్కలు విసురుతామంటే హాలు వాళ్ళు ఇది లేకుండా తాళం ఇవ్వరు.

బోర్డుల మీద గొడవ ఎక్కువ జరిగింది కనుక కొంచెం వివరంగా. రెండు కొత్త బోర్డులు, చుట్టూ గోడ పాడవకుండా వేసే రింగులు, కింద పరిచే రబ్బరు చాపలు కలిపి 172 పౌండ్లు. ఫ్లైట్లు (బాణం తోక రెక్కలు), షాఫ్టులు (వాటిని తగిలించే కాడలు), చాక్‌పీసులు 21 పౌండ్ల 40 పెన్స్. పిల్లలాడే మాగ్నెట్ బోర్డు పదికో పదిహేనుకో వస్తుంది కదా అన్నారు. వస్తుంది. కానీ అసలు బోర్డును కిత్తనారలాంటి సిసల్ నారను కట్టలు కట్టలుగా బిగించి చేస్తారు. బాణం తీయగానే ఆ నార మళ్ళీ దగ్గరకు చేరి కన్నం పూడిపోతుంది. బోర్డు నడిబొడ్డు నేల నుంచి 5 అడుగుల 8 అంగుళాల ఎత్తులో ఉండాలి, విసిరే గీత 7 అడుగుల 9 అంగుళాల పైచిలుకు దూరంలో ఉండాలి. అంత దూరం నుంచి ట్రెబుల్ 20 అనే, 20కి మూడింతలు పాయింట్లిచ్చే చిటికెన వేలంత సందులో మూడు బాణాలూ వరసగా పడితే 180. ఒకసారి నిలబడి విసిరి చూసినవాళ్ళెవరూ ఆ తర్వాత ఇది తాగుబోతుల ఆట అనలేదు.

పైగా జాకీ విసిరే తీరు ఏ కోచ్ చూసినా తల పట్టుకునేట్టు ఉండేది. పొట్టి మనిషి, బొద్దు శరీరం. మిగతావాళ్ళు మోచేయి మాత్రమే ఆడిస్తూ బొమ్మల్లా నిలబడితే, ఈయన ఒళ్ళంతా ముందుకు తోసి, బాణాన్ని చేతిలోంచి లాగి పారేసినట్టు విసిరేవాడు. అది వెళ్ళి సరిగ్గా అక్కడే దిగేది. పాత మ్యాచులు హాల్లో తెర మీద వేశాం. ప్రొజెక్టరు ఒక సభ్యుడిదే, ఖర్చు లేదు. 1989 ఫైనల్ వేసినప్పుడు అప్పటిదాకా సెల్‌ఫోన్లు చూసుకుంటున్న కుర్రాళ్ళు కూడా తలెత్తారు. అవతల ఎరిక్ బ్రిస్టో, అప్పటికే ఐదుసార్లు చాంపియన్. ముందు ఆరు సెట్లు గెలిచినవాడిదే టైటిల్. జాకీ 5-0తో ముందున్నాడు. ఇక అయిపోయిందనుకుంటే బ్రిస్టో ఒకటి, రెండు, మూడు, నాలుగు సెట్లు లాగేశాడు. 5-4. ఫలితం ముందే తెలిసిన నాకే టెన్షన్‌తో అరచేతులు చెమటలు పట్టాయి. పదో సెట్ జాకీదే. బహుమతి 20,000 పౌండ్లు.

ఫొటోల బోర్డుకు ప్రింటింగ్ 58 పౌండ్లు. దీని మీద కమిటీలోనే రెండు వర్గాలయ్యాయి. జాకీ అంటే ఇక్కడివాళ్ళకు ముందు గుర్తొచ్చేది బోసినోరు. మిఠాయిల పిచ్చి, పళ్ళు తోముకోకపోవడం, రెండూ కలిసి ముప్పై ఏళ్ళు రాకముందే పళ్ళన్నీ ఊడిపోయాయి. 1982లో గెలిచాక 1,200 పౌండ్లు పోసి కట్టుడు పళ్ళు చేయించుకున్నాడు, అంటే ఆ గెలుపు డబ్బులో దాదాపు ఐదో వంతు. అవి ఆయన నోట్లో ఇమడలేదు. అవి పెట్టుకుని తాగితే తేన్పులొస్తున్నాయని విసుక్కునేవాడు. నవ్వుకోవడానికి బాగుంటుంది, ఆ ఫొటోలే పెద్దవి చేసి పెడదామని ఒక వర్గం. నేను రెండో వర్గం. ఆయన బతికున్నంత కాలం పేపర్లూ టీవీలూ చేసింది అదే కదా. చివరికి బోసినవ్వు ఫొటో ఒక్కటి పెట్టి, మిగతావన్నీ బాణం చేతిలో ఉన్నవే పెట్టాం.

వంట సరుకులు 287 పౌండ్ల 60 పెన్స్, పేపరు ప్లేట్లు గ్లాసులు 31.50. వండింది మనవాళ్ళే, కూలి లేదు. పులిహోర ఎనిమిదిన్నరకే అయిపోయిన మాట నిజం. కూపన్ లేని వాళ్ళక్కూడా వడ్డించమని చెప్పింది కమిటీయే, దానికి చింతలేదు. కూపన్ల మీద ఖర్చులు పోను 208 పౌండ్ల 90 పెన్స్ మిగిలింది కూడా.

మందు పద్దు ఎక్కడా కనబడటం లేదేమిటని అడిగిన పెద్దమనిషికి: లేదు, పెట్టలేదు కనుక. డార్ట్స్ సాయంత్రం, అదీ జాకీ విల్సన్ పేరు మీద, మందు లేకుండానా అని హాలు కుర్రాడు కూడా వింతగా చూశాడు. ఆ రోజుల్లో ఆటగాళ్ళు స్టేజీ మీదే తాగుతూ, సిగరెట్లు కాలుస్తూ ఆడేవాళ్ళు. ప్రపంచ పోటీలకు పేరు పెట్టి డబ్బిచ్చింది కూడా ఎంబసీ సిగరెట్లే. జాకీ వోడ్కా తాగి తూలడం, 1984 సెమీఫైనల్ అయ్యాక పడిపోవడం జనానికి వినోదం. చేతికి గ్లాసు అందించి, ఫొటో తీసుకుని, ఆ తర్వాత తాగుబోతు అని పేరు పెట్టారు. తాగింది ఆయనే, కాదనను. కానీ బిల్లు మొత్తం ఆయన ఒక్కడి పేరునే రాస్తే లెక్క తప్పుతుంది.

ఆయన రెండో టైటిల్ గెలిచేనాటికే టీవీ వాళ్ళు డార్ట్స్‌ను ఒక్కో పోటీ చొప్పున వదిలేస్తూ వచ్చారు. చివరికి ఏడాదికోసారి బీబీసీలో ప్రపంచ పోటీ ఒక్కటే మిగిలింది. టీవీ పోతే స్పాన్సర్లు పోతారు, స్పాన్సర్లు పోతే ఎగ్జిబిషన్ మ్యాచులు తగ్గుతాయి. బతుకుతెరువు వెతుక్కుంటూ 16 మంది ఆటగాళ్ళు పాత సంఘం నుంచి బయటికొచ్చి సొంత సంస్థ పెట్టుకున్నారు. జాకీ ఆ పదహారు మందిలో ఒకడు. ఈ రోజు కోట్లు కురిపిస్తున్న పీడీసీ (ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్) అదే. 2025 జనవరిలో పదిహేడేళ్ళ ల్యూక్ లిట్లర్ ఆ సంస్థ ప్రపంచ టైటిల్‌కు అందుకున్నది 5 లక్షల పౌండ్లు. దానికి పునాది వేసినవాళ్ళలో ఒకడు మాత్రం 1995 డిసెంబరులో ఎవరికీ చెప్పాపెట్టకుండా ఆట మానేశాడు. షుగర్ జబ్బు బయటపడింది. తిరిగి కిర్కాల్డీ చేరి చిన్న కౌన్సిల్ ఫ్లాట్‌లో (స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇల్లు), ప్రభుత్వ సాయం మీద బతికాడు. 1998లో దివాలా. తలుపు వేసుకుని కూర్చున్నాడు, బయటి మనుషుల్ని దగ్గరికి రానివ్వలేదు. 2009లో ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ అని తేలింది. అదే ఏడు గ్లాస్గోలో ఆయన పేరు మీద స్కాట్లండ్, ఇంగ్లండ్ జట్లకు కప్పు పోటీ పెట్టారు. 2012 మార్చి 24న, 62 నిండిన రెండు రోజులకు పోయాడు.

మిగిలిన చిన్న పద్దులు: ట్రోఫీ 45, రాఫెల్ బహుమతులు 40, కార్డు మెషీన్ కోత 11, టాక్సీలు 36. ఆ టాక్సీల మీద కూడా ఆరా తీశారు. ఊళ్ళోని పాత గని కార్మికులు ముగ్గురిని పిలిచాం. ముగ్గురికీ మోకాళ్ళు సరిగా లేవు, బస్సెక్కమని ఎలా అంటాం? వాళ్ళలో ఒకాయన సాయంత్రమంతా చాక్‌పీసు పట్టుకుని స్కోరు రాశారు. ఆట 301 నుంచి కిందికి తీసివేసుకుంటూ రావాలి. 137 కొట్టాడొకడు. మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపు ఆయన 164 రాసేసి, చేతికంటిన చాక్ పొడి ప్యాంటుకు తుడుచుకుంటున్నారు. స్కోరర్‌ను డబ్బిచ్చి పెట్టుకుంటే ఆ 36 కంటే ఎక్కువే అయ్యేది. పోటీ గెలిచింది స్థానికంగా బస్సు నడిపే ఒకావిడ. మనవాళ్ళు సెమీఫైనల్ దాటలేదు.

నిల్వ 685 పౌండ్ల సంగతి. ఆయన పేరుతో ఒక ఫలకం చేయించి గోడకు పెట్టిద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఓట్లకు పెడితే వీగిపోయింది. ఊపిరితిత్తుల రోగుల కోసం పనిచేసే సంస్థకు 300, ఊళ్ళోని ఫుడ్ బ్యాంకుకు 250 ఇచ్చాం, రెండు రసీదులూ ఫైల్లో ఉన్నాయి. మిగతా 135 ఖాతాలోనే ఉంది. బోర్డులు రెండూ మన దగ్గరే ఉన్నాయి కనుక, వేసవి సెలవుల్లో పిల్లలకు నేర్పడానికి హాలు అద్దెకు ఆ డబ్బు వాడదామని అనుకున్నాం. ఉగాది ఖాతా వేరు. దానిలోంచి ఒక్క పెన్నీ కూడా దీనికి తీయలేదు.

బిల్లుల ఫైలు కోశాధికారి ఇంట్లో ఉంది. ముందుగా ఫోన్ చేసి ఎవరైనా వచ్చి చూడొచ్చు. అభ్యంతరాలేవైనా ఉంటే ఈ నెలాఖరులోగా రాసి ఇవ్వండి, ఆ తర్వాత ఖాతా మూసేస్తాం. ఎవరో హాల్లో వదిలేసిన నీలం ఫ్లైట్ల డార్ట్స్ సెట్ ఒకటి, అన్నం గిన్నె మూతలు రెండు కూడా అక్కడే ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళండి.

కమిటీ తరఫున,
కోశాధికారి