తొట్టి కొరికే గుర్రానికి ఆపరేషన్ విషయం

సభ్యులకు నమస్కారం. తొట్టి అంచును ముందుపళ్లతో పట్టి, మెడ వంచి, గుర్రుమంటూ గాలి పీల్చే గుర్రానికి ఆపరేషన్ చేయించవచ్చా అని విజయనగరం సభ్యులిద్దరు అడిగారు కనుక వివరంగా రాస్తున్నాను.

ఫోర్సెల్ అనే పశువైద్యుడి పద్ధతిని సవరించి ఇప్పుడు చేసే ఈ ఆపరేషన్‌లో, గుర్రానికి పూర్తి మత్తు ఇచ్చి, మెడ కింది కండరాలలో కొంత భాగాన్ని, ఒక నరం ముక్కను తీసేస్తారు. గుర్రం వయసులో చిన్నదై, అలవాటు పట్టి 3 ఏళ్లు దాటకపోతే ఫలితంపై ఆశ పెట్టుకోవచ్చు. ముదిరిన అలవాటు తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు. పూర్తి మత్తు గుర్రాలకు ప్రమాదమే, పైగా లేచే సమయంలో కాళ్లు విరగడమూ ఉంది.

ఈ అలవాటును ఒక గుర్రాన్ని చూసి ఇంకొకటి నేర్చుకుంటుందన్న మాట నమ్మి నేను మా గుర్రాన్ని విడిగా కట్టేశాను. అది నా తెలివితక్కువతనమే. ఒంటరితనానికి కొరుకుడు ఇంకా పెరిగి, పైపళ్లు ఏటవాలుగా అరిగిపోయాయి. ఉలవలు తగ్గించి, ఎండుగడ్డి రోజంతా అందేలా పెట్టి, తోడు గుర్రంతో బయట వదిలాక చాలావరకు తగ్గింది, పూర్తిగా మానలేదు. మేత మార్చి, కడుపులో పుండ్లు ఉన్నాయేమో చూపించి, కొరకకుండా మెడకు కట్టే పట్టీ కూడా వాడి చూశాక కూడా గుర్రం చిక్కిపోతుంటేనే ఆపరేషన్ గురించి పశువైద్యులతో మాట్లాడండి. వెళ్లేటప్పుడు అలవాటు ఎప్పుడు మొదలైందో రాసుకుని, అది కొరికేటప్పటి వీడియో తీసుకెళ్లండి.